వేడినీటి గుండమా, అడవిలో డేరానా: బెజవాడ నుంచి ఏ దారి మేలు?

వేసవిలో డాబా మీది ట్యాంకు నీళ్లే చేయి కాలేటట్టు వచ్చే విజయవాడ, గుంటూరు వాసులకు వేడినీటి ఊటల మీద మోజు పుట్టడం కొంత వింతే. అయినా చలికాలంలో కారులో డేరా, దుప్పట్లు, వంటసామాను సర్దుకొని కొండ అడవుల్లో నాలుగు రోజులు తిరిగి, దారిలో ఊటల దగ్గర ఆగి రావాలనుకునే వారి ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి: భద్రాచలం పక్కనున్న గుండాల అనే ఊరి మీదుగా మారేడుమిల్లి, ఒడిశాలోని తప్తపాణి, హిమాచల్‌లోని మణికరణ్. వీటిని నీటి వేడిని బట్టి కాక, రాత్రి ఎక్కడ పడుకుంటామన్నదాన్ని బట్టి తూచాలని నా అభిప్రాయం. మంచి ఊట, డేరా వేసుకోదగిన అడవి ఒకేచోట దొరకడం అరుదు కనుక, రెండింటిలో ఏది ముఖ్యమో ముందే తేల్చుకోవాలి.

మొదటిది మన ఇంటి ముందు నుంచే మొదలయ్యే దారి. ఇబ్రహీంపట్నం దగ్గర 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కి మైలవరం, తిరువూరు మామిడి తోటలు దాటి కొత్తగూడెం మీదుగా వెళ్తే సుమారు 190 కిలోమీటర్లలో భద్రాచలం వస్తుంది. అక్కడికి అయిదారు కిలోమీటర్ల దూరంలో గోదావరి ఒడ్డున గుండాల ఉంది. రాష్ట్ర విభజన సమయంలో పోలవరం ముంపు మండలాలతో పాటు ఈ ఊరు ఆంధ్రకు వచ్చింది. అందువల్ల రాముడిని తెలంగాణలో దర్శించుకొని, వేడినీళ్లకు ఆంధ్రలోకి వెళ్లవలసి ఉంటుంది. ఇక్కడ కట్టిన కొలనును ఊహించుకొని వెళ్లకూడదు. నది తగ్గిన రోజుల్లో ఒడ్డున ఇసుకను చేతులతో తోడి చిన్న చెలమ చేస్తే, అడుగు నుంచి వేడినీరు ఊరుతుంది. పక్కనే గోదావరి చల్లగా పారుతూ ఉంటుంది. పిల్లలకు ఇంతకు మించిన వేడుక ఉండదు కానీ, ఒళ్లంతా మునిగేలా స్నానం చేయాలనుకునే పెద్దలకు నిరాశే మిగులుతుంది. వరద కాలంలో ఆ ఇసుకే కనిపించదు కనుక, డిసెంబరు తరువాత వెళ్లడమే తగినది. ఇక్కడ అగ్నిపర్వతమేదో ఉందనుకోనక్కరలేదు. సింగరేణి బొగ్గును దాచుకున్న ఈ గోదావరి లోయలోనే భూమి పొరల్లో పాత పగుళ్లు ఉన్నాయి. వాటి వెంట లోతుకు దిగిన నీరు, కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున పెరిగే భూగర్భ వేడిని అందుకొని పైకి వస్తుంది.

ఈ దారి అసలు విలువ గుండాల దాటిన తరువాత తెలుస్తుంది. చింతూరు నుంచి మారేడుమిల్లికి ఎక్కే ఘాట్ రోడ్డు మలుపుల్లో వెదురు పొదలు రెండు వైపుల నుంచీ రోడ్డు మీదికి వంగి ఉంటాయి. మారేడుమిల్లి చుట్టుపక్కల అటవీశాఖ విడుదులు, ప్రైవేటు స్థలాల్లో అద్దె డేరాలు దొరుకుతాయి. బొంగు చికెన్ సంగతి వేరే చెప్పాలా? అయితే నచ్చినచోట కారాపి పొయ్యి వెలిగించడం కుదరదు. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం. ఘాట్‌ను పగటిపూటే దాటాలి, పెట్రోలు భద్రాచలంలోనో చింతూరులోనో నింపుకోవాలి. మన్యంలో మలేరియా భయం ఉన్నందున దోమతెర లేని డేరాలో పడుకోకూడదు. తిరుగు ప్రయాణం రంపచోడవరం, రాజమహేంద్రవరం మీదుగా పెట్టుకుంటే వెళ్లిన దారినే మళ్లీ రావలసిన పని ఉండదు.

తప్తపాణి లెక్క దీనికి తలకిందులు. బరంపురం దాకా 16వ నంబరు రహదారి మీద నేరుగా వెళ్లి, అక్కడి నుంచి పడమరగా కొండల్లోకి యాభై కిలోమీటర్లు లోపలికి పోవాలి. మొత్తం 650 కిలోమీటర్లకు పైనే. ఒక్కరోజులో నడపగలిగినా, విశాఖలోనో శ్రీకాకుళంలోనో రాత్రి ఆగితే ఒంటికి మంచిది. గంధకం వాసన వేసే ఆ నీటిని ఒడిశా పర్యాటక శాఖ విడిదిలోని కొన్ని గదుల స్నానపు తొట్లకే గొట్టాలతో అందించే ఏర్పాటు చేశారు. డేరా మాట మరచిపోయి, తలుపు వేసుకొని, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కూడా తీరికగా కూర్చోగల చోటు ఇది. నీళ్లలోకి దిగేముందు వెండి పట్టీలు, మొలతాళ్లు తీసి పక్కన పెట్టాలి, లేకపోతే గంధకానికి నల్లబడతాయి. ఇంకొంచెం ముందుకు వెళ్తే చంద్రగిరి దగ్గర టిబెటన్ల నివాసాలు, జిరంగ్‌లోని పెద్ద బౌద్ధారామం కనిపిస్తాయి. ఊట ఒక్కదానికే ఇంత దూరం వెళ్లడం దండగ అనిపిస్తే, ఇవి ఆ లోటు తీరుస్తాయి.

మణికరణ్ మాట క్లుప్తంగా చెప్పవచ్చు. వేడి విషయంలో దానికి సాటి లేదు. గుడ్డలో మూటగట్టిన బియ్యాన్ని ఆ నీటిలో ముంచి అన్నం వండుతారు. కానీ విజయవాడ నుంచి ఢిల్లీకి రైలులోనే ఒక రోజుకు పైగా పడుతుంది, ఆపైన కుల్లు లోయకు రాత్రంతా కొండదారి, మన కారు ఇంటి దగ్గరే. పదిరోజుల సెలవు ఉన్నవారు తప్ప దీన్ని ఈ వరసలో చేర్చుకోకపోవడమే మంచిది. వెళ్లినా 2023 జులై వరదలను గుర్తు పెట్టుకొని వానాకాలాన్ని తప్పించాలి.

కాబట్టి కారు, డేరా, అడవి అనే మూడు మాటలూ మీకు ముఖ్యమైతే, సంక్రాంతి రద్దీ తగ్గాక గుండాల, మారేడుమిల్లి చుట్టు తిరగడమే మేలు. గుండాలకు ఒక పూట చాలు, మిగిలిన రాత్రులన్నీ మారేడుమిల్లి వైపే ఉంచాలి. అమ్మానాన్నలను వెంట తీసుకెళ్తున్నారంటే మాత్రం డేరా ఇంట్లోనే వదిలి, తప్తపాణిలో తొట్టి ఉన్న గదినే అడిగి, ముందుగా బుక్ చేసుకోండి.