అమ్మానాన్నలతో గ్రాండ్ కాన్యన్: రెండు రాత్రులు సౌత్ రిమ్‌లో

మా నాన్నకి మోకాళ్ల నొప్పులు. అమ్మకి చలి పడదు. ఇద్దరూ గుంటూరు నుంచి ఫీనిక్స్ వచ్చి మూడు వారాలైంది. అక్టోబరు మొదట్లో గ్రాండ్ కాన్యన్‌కి బయల్దేరదీశాను.

ముందుగా ఒక మాట. లాస్ వేగాస్ నుంచి ఒక్క రోజులో తిప్పి తెచ్చే బస్సుల్లో చాలావాటి గమ్యం వెస్ట్ రిమ్, అంటే లోయ పడమటి అంచు. అద్దాల నేల ఉన్న స్కైవాక్ అక్కడే ఉంది. అది హువాలపాయ్ తెగవారి సొంత భూమి, నేషనల్ పార్కులో భాగం కాదు, టికెట్టూ వేరు. అదీ లోయే, చూడొచ్చు. కానీ జన్మకోసారి వచ్చే పెద్దవాళ్లకి చూపించాల్సింది సౌత్ రిమ్, అంటే దక్షిణపు అంచు, అని నా గట్టి నమ్మకం. అదీ పార్కు లోపలే పడుకుని.

ఈ సంగతి నాకు మొదటి రాత్రే అర్థమైంది. లోపల గది దొరక్క ఆ రాత్రికి పార్కు బయట ఒక మోటెల్ తీసుకున్నాం. హీటర్ రాత్రంతా మోత, గదిలో మాత్రం వెచ్చదనం లేదు. అక్కడ ఎత్తు దాదాపు 7,000 అడుగులు. అక్టోబరులోనే రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టేంత చలి. అమ్మ రెండు శాలువాలు కప్పుకుని కూర్చుంది. తెల్లవారుజామున మళ్లీ కారెక్కి సూర్యోదయానికి పరుగు.

తర్వాతి రెండు రాత్రులూ మాస్విక్ లాడ్జిలో. రోజూ వెబ్‌సైట్ చూస్తూ ఉంటే ఎవరో రద్దు చేసుకున్న గది దొరికింది. లోయ అంచుకి నడిచి వెళ్లేంత దగ్గర. 1905లో కట్టిన ఎల్ టోవర్ హోటల్ అంచు మీదే ఉంది, అందమైన కట్టడం. కానీ ఆ ధరకి మాకు మాస్విక్ రెండు రాత్రులూ వచ్చేలా అనిపించింది. ఎల్ టోవర్ వరండాలో కాసేపు కూర్చుని వచ్చాం, అంతే చాలు. పులిహోర వెంట తెచ్చుకున్నాం. పెరుగు, పాలు మార్కెట్ ప్లాజా దుకాణంలో దొరికాయి.

లోయ అంచు వెంబడి సాగే హెర్మిట్ రోడ్డు మీదకి మార్చి నుంచి నవంబరు దాకా సొంత కార్లని వదలరు, ఎర్ర రూటు ఉచిత బస్సే ఎక్కాలి. నాన్న బస్సు ఎక్కీ దిగీ అలసిపోతారని భయపడ్డాను. నడవలేనివాళ్లున్న కార్లకి ప్రత్యేక పర్మిట్ ఇస్తారని గేటు దగ్గర అడిగితే తెలిసింది. డబ్బులేమీ లేవు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు తప్పకుండా అడగండి. హోపీ పాయింట్ దగ్గర కారాపుకుని నాన్న గంటసేపు తీరిగ్గా కూర్చున్నారు. పర్మిట్ లేకపోతే ఆ గంట మాకు దక్కేది కాదు.

మర్నాడు పొద్దున్నే నేనొక్కణ్ణే బ్రైట్ ఏంజెల్ దారిలో మైలున్నర దిగాను. ఎక్కడానికి దిగినదానికి రెట్టింపు సమయం పట్టింది. నీళ్లు లేకుండా, మధ్యాహ్నపు ఎండలో ఎవరూ దిగకండి.

మా అందరికీ బాగా నచ్చింది యావపాయ్ మ్యూజియం నుంచి మొదలయ్యే ‘ట్రైల్ ఆఫ్ టైమ్’. చదునైన దారి. ఒక్కో మీటరుకి పది లక్షల ఏళ్ల లెక్క. దారి పొడుగునా లోయలోని రాళ్లు పెట్టారు, చేత్తో తాకొచ్చు. అడుగునున్న నల్లరాయి పేరు ‘విష్ణు షిస్ట్’, వయసు దాదాపు 175 కోట్ల ఏళ్లు. పేరు చదివి అమ్మ ఆగిపోయింది. ‘‘మన విష్ణువేనా?’’ అంది. మన విష్ణువే. 1880ల్లో ఇక్కడ సర్వే చేసిన క్లారెన్స్ డట్టన్ అనే భూగర్భ శాస్త్రవేత్త, గోపురాల్లా లేచిన శిఖరాలకి విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లు పెట్టాడు. తర్వాత బ్రహ్మ, రామ, కృష్ణుల పేర్లూ వచ్చాయి.

ఆ సాయంత్రం డెజర్ట్ వ్యూ రోడ్డు మీద గ్రాండ్‌వ్యూ పాయింట్ దగ్గర ఆగాం. ఉత్తరాన విష్ణు టెంపుల్, ఎర్రటి వెలుగులో. గండికోట చూసినవాళ్లం, పెన్నా లోయ అందం మాకు తెలుసు. ఇక్కడ లోయ లోతే మైలు. అమ్మ చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. నాన్న మ్యాపు మోకాళ్ల మీద పరుచుకుని, ‘‘పక్కనే రాముడు కూడా ఉన్నాడే, ఏదో చూడరా’’ అంటూ వెలుగు పోయేదాకా వెతుకుతూనే ఉన్నారు.