ముఖం కడుక్కుని అరగంట ఆగమన్న వైద్యురాలు

తిరుపతి బాలాజీ కాలనీ ప్రాంతంలోని ఒక చిన్న చర్మ వైద్యశాలలో మే నెల నుంచి ఇప్పటికి మూడు సార్లు చూపించుకున్న తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. తన పేరుగాని, వైద్యశాల పేరుగాని రాయవద్దని డాక్టరుగారు కోరినందువల్ల రాయడం లేదు. సాయంత్రం ఏడు దాటితే అక్కడ కూర్చోవడానికి కుర్చీ కూడా దొరకదు కనుక ఆ కోరికలో న్యాయం ఉందనే అనుకుంటున్నాను.

అక్కడికి వెళ్ళేనాటికే నేను రెండు పొరపాట్లు చేసి ఉన్నాను. ఊళ్ళోనే ఒక సౌందర్య సాధనాల దుకాణంలో చర్మ తత్వాన్ని యంత్రంతో ఉచితంగా పరీక్షిస్తామంటే మార్చిలో వెళ్ళాను. రేణిగుంట నుంచి ఎండలో స్కూటరు మీద వచ్చి, వారి సబ్బుతోనే ముఖం కడుక్కుని, ఏసీ గదిలో ఇరవై నిమిషాలు కూర్చున్నాక యంత్రం నా ముఖాన్ని ఫొటో తీసి, నాది పొడి చర్మమని తేల్చింది. ఆ మాట నమ్మి 4,860 రూపాయలు పెట్టి ఆరు డబ్బాలు కొన్నాను. వాటిలోని చిక్కటి రాత్రి క్రీము పూసిన పది రోజులకే బుగ్గల మీద మొటిమలు లేచాయి. ఆ క్రీము ఇప్పుడు మా ఇంట్లో కాలి పగుళ్ళకు బాగా పనిచేస్తోంది కనుక డబ్బు పూర్తిగా వృథా అయిందని చెప్పలేను.

రెండవ పొరపాటు ఇంతకంటే పెద్దది. మొటిమలకు తోడు ఎప్పటి నుంచో ఉన్న మంగు కూడా ముదిరినట్లు కనిపించడంతో, పక్కింటి అక్క చెప్పిన ట్యూబును మందుల షాపులో అడిగి తెచ్చుకున్నాను. "వారానికే తెల్లగా అయిపోతాది" అన్న ఆమె మాట అక్షరాలా నిజమైంది. మూడవ వారం నుంచి మాత్రం ఎండలోకి వెళితే ముఖం మండడం, ఎర్రబడడం, పూయడం మానిన మర్నాడే అది రెట్టింపు కావడం మొదలైంది. అందులో ఉన్నవి హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్. మంగుకు వైద్యులు కొద్ది వారాల పాటు, తమ పర్యవేక్షణలో వాడించే మిశ్రమమే అది. పౌడరు పూసుకున్నట్లు నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. స్టెరాయిడ్ పూతమందులలో అనేకం డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చినా, నన్ను చీటీ అడిగినవారు లేరు. అడగకపోవడమే సౌకర్యమని ఆనాడు నేనూ అనుకున్నాను.

వైద్యశాలలో నాకు మొదట నచ్చిన విషయం ఏమిటంటే, డాక్టరుగారు నా ముఖం వైపు చూడకముందే పావుగంట సేపు ప్రశ్నలు వేశారు. "మేడమ్, ముఖానికి ఇంట్లో ఏమేమి పూస్తా ఉండారు? దాచకుండా చెప్పండి" అన్నది మొదటి ప్రశ్న. ఆ తరువాత ఇంట్లో వాడేది బోరు నీళ్ళా, మునిసిపాలిటీ నీళ్ళా, రోజుకు ఎన్ని గంటలు ఎండలో తిరుగుతాను, నెలసరి సక్రమంగా ఉందా, మాత్రలేవైనా వాడుతున్నానా, అమ్మకు మంగు ఉండేదా అని వరుసగా అడిగారు. తరువాత దీపాలు ఆర్పి, ఊదారంగు కాంతినిచ్చే వుడ్స్ దీపంతో మంగు ఎంత లోతున ఉందో చూశారు. చర్మ తత్వం గురించి మాత్రం ఆ రోజు ఒక్క మాటా చెప్పలేదు. ఎర్రదనం తగ్గాక ఒక ఆదివారం ఉదయం నురగ తక్కువగా వచ్చే సున్నితమైన ద్రవంతో ముఖం కడుక్కుని, మెత్తని బట్టతో అద్ది, ఏమీ పూయకుండా ఏసీ లేని గదిలో అరగంట ఆగి, నుదురు, ముక్కు, గడ్డం, రెండు బుగ్గల మీద విడివిడిగా టిష్యూ కాగితం అద్ది చూసి రమ్మన్నారు.

చూశాను. నుదుటి మీద, ముక్కు మీద అద్దిన కాగితాలు నూనె పీల్చి పారదర్శకంగా మారాయి. బుగ్గల మీద అద్దినవి పొడిగానే ఉన్నాయి గాని, చర్మం బిగుసుకున్నట్లు లేదు. అంటే నాది మిశ్రమ చర్మం. యంత్రం అబద్ధం చెప్పలేదని డాక్టరుగారే వివరించారు: పొడి చర్మమంటే నూనె గ్రంథులు తక్కువగా స్రవించే చర్మం, అది స్వభావం. నీరు ఇగిరిపోయిన చర్మం వేరు, అది ఆ పూట పరిస్థితి, జిడ్డు చర్మానికీ వస్తుంది. ఎండ, సబ్బు, ఏసీ మూడూ కలిసి నా చర్మంలోని తడిని లాగేసిన క్షణాన్ని యంత్రం చూసి, దానినే స్వభావంగా రాసింది. స్వభావం కూడా శాశ్వతం కాదట. హార్మోన్లు తగ్గే వయసులో స్త్రీలకు నూనె స్రావం తగ్గుతుంది కనుక ఇరవైలలో జిడ్డు చర్మం ఉన్నవారికి యాభైలలో పొడి చర్మం కావచ్చు.

సబ్బు విషయంలో నా అభిప్రాయాన్ని ఆమె పూర్తిగా మార్చారు. కొవ్వు పదార్థం 76 శాతం ఉన్న మొదటి శ్రేణి సబ్బే వాడుతున్నానని నేను కొంత గర్వంగా చెప్పాను. ఆ అంకె సబ్బు నాణ్యతను చెబుతుందే తప్ప దాని క్షారగుణాన్ని చెప్పదనీ, ఎంత మంచి సబ్బుకైనా పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాలను కొలిచే అంకె, 7 దాటితే క్షారం) 9, 10 దగ్గర ఉంటుందనీ, ఆరోగ్యకరమైన చర్మం పీహెచ్ 5కు అటూ ఇటూ ఉండి కొద్దిగా ఆమ్లంగా ఉంటుందనీ అన్నారు. పైగా మా బోరు నీళ్ళ వంటి ఉప్పు నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాక, తెల్లటి మడ్డిగా మారి చర్మానికి అంటుకుపోతుంది. సున్నిపిండి మానాలా అని అడిగితే ఒంటికి వాడుకోమన్నారు, ముఖానికి మాత్రం ఆ రుద్దుడు వద్దన్నారు. నిమ్మరసం మాట ఎత్తగానే ఆమె ముఖం చిట్లించిన తీరు చూసి ఆ ప్రస్తావన అక్కడే ఆపేశాను.

చివరికి ఆమె రాసిన పగటి సంరక్షణ మూడే మూడు వస్తువులు: ముఖం కడిగే ద్రవం, తడి ఆరకముందే పూయవలసిన తేలికపాటి మాయిశ్చరైజరు, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణను సూచించే అంకె) 50 ఉన్న సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 చర్మాన్ని కందించే అతినీలలోహిత కిరణాలలో 97 శాతాన్ని ఆపితే 50 ఆపేది 98 శాతమే కనుక, అంకె కంటే పూసే పరిమాణమే ముఖ్యమన్నారు. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవున తీసుకోవాలి, బయట ఉంటే రెండు గంటలకు ఒకసారి మళ్ళీ పూయాలి. మంగును అతినీలలోహిత కిరణాలే కాక మామూలు వెలుతురు కూడా పెంచుతుంది కనుక ఐరన్ ఆక్సైడు కలిసిన, లేత గోధుమరంగు సన్‌స్క్రీన్ రాశారు. స్టెరాయిడ్ మానాక మూడు వారాలు ముఖం మరింత ఎర్రబడుతుందని ముందే హెచ్చరించడం వల్ల ఆ మూడు వారాలు ఓపిక పట్టగలిగాను. ఎర్రదనం, మొటిమలు పోయాయి. మంగు సగం తగ్గింది, సగం ఉంది. పూర్తిగా పోతుందని ఆమె మాట ఇవ్వలేదు.

లోపాలు లేకపోలేదు. ఫోనులో టోకెను ఇవ్వరు. మొదటిసారి గంటా ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఆ రోజు నా పక్కన, కొండ మీద గుండు చేయించుకుని మిట్టమధ్యాహ్నం మెట్ల దారిలో దిగి వచ్చిన ఒక కుర్రవాడు కందిపోయిన తలతో కూర్చుని ఉన్నాడు. ఏళ్ళ తరబడి ఎండ ఎరుగని మాడు అది. గుండుకు పూసే చందనం చల్లదనాన్ని ఇస్తుందే గాని ఎండను ఆపదని తిరుపతిలో ఉండి కూడా నేను ఎన్నడూ ఆలోచించలేదు. రాత్రి ఎనిమిది దాటాక వెళ్ళిన రెండవసారి డాక్టరుగారు తొందరలో ఉన్నారు, సందేహాలు సగం మిగిలిపోయాయి. అన్నిటికంటే ఇబ్బంది కలిగించినది, బయటికి రాగానే కౌంటరులోని అమ్మాయి ఆరు పీలింగుల (రసాయనం పూసి చర్మం పై పొరను ఊడదీసే చికిత్సల) ప్యాకేజీ చీటీ చేతిలో పెట్టడం. లోపల డాక్టరుగారు అసలు ప్రస్తావించని చికిత్సను బయట అమ్మడం ఆ వైద్యశాల మర్యాదకు తగినట్లు లేదు.

ఫీజు 400 రూపాయలు, పదిహేను రోజులలోపు మళ్ళీ వెళితే తీసుకోరు. మొదటి నెల మందులకూ సన్‌స్క్రీనుకూ కలిపి నాకు 1,900 రూపాయల దాకా అయింది. అది భారమనుకునేవారికి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఇక్కడికే వెళ్ళదలచుకుంటే మామూలు రోజు సాయంత్రం ఆరు లోపు, ముఖానికి పౌడరు వేసుకోకుండా వెళ్ళండి. ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నిటినీ, సిగ్గుపడి దాచినవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్ళండి.