‘స్పోర్ట్స్ అన్నీ లైవ్’ అని ఏడాది ప్యాక్ అమ్ముతున్నారు, రేసులు చూసేవాళ్లు జాగ్రత్త

విజయనగరం, శ్రీకాకుళం వైపు కొత్తగా నెట్ కనెక్షన్ పెట్టించుకుంటున్నవాళ్లు డబ్బు కట్టకముందే ఇది చదవండి. నెట్‌తో పాటు ఓటీటీలన్నీ కలిపి ఏడాది ప్యాక్ అంటగడుతున్నారు. మా కంటోన్మెంట్ వైపు వచ్చిన కుర్రాడు నాతో అన్న మాట ఇది: “స్పోర్ట్స్ అన్నీ లైవే మాస్టారూ, మీరు చూసే కార్ల రేసులు కూడా వచ్చేస్తాయి.” ఆ మాట మీదే ఏడాది డబ్బు ముందుగా కట్టించుకున్నారు. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి రేసు మొదలవుతుంది కదా అని తెరిస్తే క్రికెట్ ఉంది, కబడ్డీ ఉంది. నేను చూసే ఫార్ములా వన్ (ఎఫ్1) కార్ల రేసులు మాత్రం పాతవాటి హైలైట్ ముక్కలే. లైవ్ కావాలంటే ఇంకో యాప్‌కి ఇంకో డబ్బు కట్టాలట. ఫోన్ చేస్తే “యాక్టివేట్ అయిపోయింది, రిఫండ్ ఉండదండి” అని పెట్టేశారు. ఇది మోసమే.

అసలు ఏడాది పాటు రేసులు చూపిస్తామని అమ్మేవాడు ఏ ధైర్యంతో చెబుతాడో నాకు అర్థం కాదు. 2022 దాకా ఫార్ములా వన్ స్టార్ స్పోర్ట్స్‌లో వచ్చేది, కేబుల్ ఉన్న ఇంట్లో చూసుకునేవాళ్లం. 2023లో టీవీలోంచి పోయి ఎఫ్1 వాళ్ల సొంత యాప్ ‘ఎఫ్1 టీవీ’కి వెళ్లింది. 2024లో హక్కులు ఫ్యాన్‌కోడ్ అనే యాప్‌కి వచ్చాయి. మూడు సీజన్లు, మూడు చోట్లు. పైగా ఒకే యాప్‌లో కూడా ప్లాన్లు వేరు. ఎఫ్1 టీవీనే తీసుకోండి, యాక్సెస్ అనే చవక ప్లాన్‌లో రేసు లైవ్ రాదు, ప్రో ఉండాలి. యాప్ పేరు కనిపించింది కదా అని డబ్బు కట్టకండి.

నా డబ్బు పోయిన బాధ కంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. 2011లో ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో మన దేశంలో మొదటి ఎఫ్1 రేసు, ఇండియన్ గ్రాండ్ ప్రి, జరిగినప్పుడు, క్రికెట్ కోసం ఛానళ్లు తిప్పుతున్న గుంటలు కూడా ఆగి చూశారు. ఆ రేసు గెలిచిన వెటెల్ ఎవరు, ఆ టైర్లు ఎందుకు మారుస్తున్నారు అని అడిగారు. అలా అనుకోకుండా కళ్ల పడితేనే ఆటకి కొత్తవాళ్లు వస్తారు. డబ్బు కట్టాకే తెరుచుకునే యాప్‌లోకి ముందే పిచ్చి ఉన్నవాడు తప్ప ఎవడు వెళ్తాడు? చూసే జనం తగ్గితే స్పాన్సరు వెనక్కి పోతాడు. స్పాన్సరు లేనిదే ఏ మధ్యతరగతి ఇంటి పిల్లాడూ కార్టింగ్ (పిల్లలు మొదట నేర్చుకునే చిన్న కార్ల రేసు) దాటి పైకి వెళ్లలేడు, ఆ ఖర్చు అలాంటిది. చెన్నైకీ కోయంబత్తూరుకీ వెళ్లి రేసు చేసే పిల్లాడికి మన ఊరి షాపాయన డబ్బు ఎందుకు పెడతాడు, తన ఖాతాదారు ఒక్కడు కూడా ఆ ఆట చూడనప్పుడు?

బయటి దేశాల్లోనూ ఇదే దారి. బ్రిటన్‌లో 2011 వరకు సీజనంతా బీబీసీలో ఉచితంగా వచ్చింది. 2012 నుంచి డబ్బు కట్టి చూసే స్కై ఛానల్‌తో పంచుకున్నారు, 2019 నుంచి దాదాపు అంతా స్కైదే. జర్మనీలో ఆర్‌టీఎల్ అనే ఉచిత ఛానల్ మూడు దశాబ్దాలు చూపించి, సీజనంతా చూపించడం 2020తో ఆపేసింది. ఏడుసార్లు ఛాంపియన్ అయిన షూమాకర్ పుట్టిన దేశం అది! ఆటని నడిపేవాళ్లకి ఈ విషయం తెలియదని అనుకోను. 2021లో టైటిల్ కోసం వెర్‌స్టాపెన్, బ్రిటన్ డ్రైవర్ హామిల్టన్ సమాన పాయింట్లతో అబుదాబి చివరి రేసుకి వచ్చినప్పుడు, బ్రిటన్‌లో స్కై వాళ్లే ఆ ఒక్క రేసుని ఛానల్ 4లో ఉచితంగా లైవ్ ఇవ్వనిచ్చారు. దేశమంతా చూడాల్సిన రోజున తలుపు తీశారన్నమాట. మిగతా రేసుల్లో దాదాపు అన్నిటికీ మాత్రం మళ్లీ మూసేశారు.

హక్కులకి డబ్బు కావాలి, నేను కాదనను. రేసుకి ఇంత అని కట్టించుకుంటే కడతాం. లేనిది ఉందని చెప్పి ఏడాదికి కట్టించుకోవడమే తప్పు.

అమ్మడానికి వచ్చినవాడిని రేసు లైవా, హైలైట్సా అని అడగండి. టీవీలో వస్తుందా ఫోన్‌లోనేనా అని కూడా అడగండి. జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట తర్వాత నిలవదు. యూపీఐ ఆటోపే పెట్టించుకుంటే ఆ మాండేట్‌ని (డబ్బు దానంతటదే కట్ అయ్యే అనుమతిని) మీ యూపీఐ యాప్‌లోనే రద్దు చేసుకోవచ్చు, వాళ్లని బతిమాలక్కర్లేదు. ఒకటి చూపించి ఇంకొకటి అంటగట్టడం 2023లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మాయ చేసే పద్ధతులు) మార్గదర్శకాల్లో నిషేధించిన పద్ధతి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. నేను రసీదు, మెసేజీలు పెట్టి 1915లో ఫిర్యాదు నమోదు చేశాను.

ఇదే ప్యాక్ మీ వీధికి వస్తే, ఆదివారం రేసు టైముకి వచ్చి మీ టీవీలో లైవ్ పెట్టి చూపించమనండి. అది చూశాకే డబ్బు ఇవ్వండి.