మంచినీటి ఒడ్డున పోయిన ఉంగరం: నాలుగేళ్లు వాడిన సామాను మీద సమీక్ష

సామాను ఇదీ: 11 అంగుళాల డీడీ కాయిల్ (నేల మీద తిప్పే పళ్లెం, లోపల డి ఆకారపు తీగచుట్టలు రెండు) ఉన్న, 3 మీటర్ల లోతు దాకా నీళ్లు చొరబడని, ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలతో పనిచేసే మల్టీ ఫ్రీక్వెన్సీ మెటల్ డిటెక్టరు. దానికి తగిలించుకునే 6 అంగుళాల చిన్న కాయిల్. పొడవాటి పిడికి రంధ్రాల బకెట్ ఉన్న, ఇసుక తవ్వి తీసే స్టెయిన్‌లెస్ స్టీల్ స్కూపు. నీళ్లలో పనిచేసే పిన్‌పాయింటరు (లోహం సరిగ్గా ఎక్కడుందో దగ్గరినుంచి చూపే చేతి కడ్డీ), తేలే జల్లెడ, 20 మీటర్ల నైలాన్ తాడు, నాలుగు ప్లాస్టిక్ గొట్టపు మేకులు. సరస్సుల ఒడ్డున, నది రేవుల్లో మోకాలిలోతు నుంచి రొమ్ములోతు దాకా వీటితోనే పని. కొత్తగా కొనేవాళ్లు నూటికి తొంభై పాళ్లు డబ్బు డిటెక్టరు మీదే పోసి, మిగిలిన దాంతో ఏదో ఒక స్కూపు తెచ్చుకుంటారు. నా లెక్కలో అది తిరగబడాలి. ఉంగరం ఉందని చెప్పేది డిటెక్టరు, దాన్ని చేతికి తెచ్చేది స్కూపు. సిగ్నల్ దొరికాక ఉంగరాన్ని పోగొట్టుకోవడం, అసలు సిగ్నలే దొరక్కపోవడం కన్నా ఎక్కువసార్లు జరుగుతుంది.

ముందు డిటెక్టరు సంగతి. మల్టీ ఫ్రీక్వెన్సీ అసలు గొప్పతనం ఉప్పునీటిలో. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రం అక్కడ గోల చేస్తుంది. మంచినీటికి ఆ బెడద లేదు. 15 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య నడిచే మామూలు సింగిల్ ఫ్రీక్వెన్సీ యంత్రం, నీళ్లు చొరబడనిదైతే, సరస్సులో ఉంగరాలకు సరిపోతుంది. 5 కిలోహెర్ట్జ్ దగ్గర వెండి, మందపాటి నాణేలు బాగా పలుకుతాయి గానీ సన్నటి బంగారం జారిపోతుంది. మామూలు సైజు ఉంగరం పడుకుని ఉంటే 11 అంగుళాల కాయిల్‌కు 20 సెంటీమీటర్ల లోతులో స్పష్టంగా వినిపిస్తుంది. అదే అంచు మీద నిలబడి ఉంటే సిగ్నల్ సన్నబడుతుంది, కొన్నిసార్లు రెండు ముక్కలుగా వస్తుంది. అందుకే ఒకే దిక్కులో వెతికి వదిలేయకూడదు.

నల్ల ఇసుక, అంటే మాగ్నటైట్, మేటలు వేసిన నదిగట్ల దగ్గర మాత్రం ఈ యంత్రం తడబడుతుంది. గ్రౌండ్ బ్యాలెన్స్ చేసి, అంటే నేలలోని ఖనిజాల గోల వినపడకుండా సర్ది, సెన్సిటివిటీని పావు వంతు తగ్గిస్తేనే దారికి వస్తుంది. అలాంటి చోట పల్స్ ఇండక్షన్ యంత్రం, అంటే ఆగి ఆగి విద్యుత్ పల్సులు పంపే రకం డిటెక్టరు మేలు, నేలను పట్టించుకోకుండా లోతుకు వెళుతుంది. కానీ ఇనుమును నమ్మకంగా వేరు చేసి చెప్పలేదు. పాత చెక్క వంతెన కింద, పడవల రేవు పక్కన దాన్ని పట్టుకుంటే రోజంతా మేకులు తవ్వుకోవడమే. అక్కడ 6 అంగుళాల కాయిల్ బాగా పనికొస్తుంది. చెత్త మధ్య ఇరుకుగా ఉన్న ఉంగరాన్ని విడదీసి చూపిస్తుంది, రాళ్ల సందుల్లోకీ దూరుతుంది. లోతు తగ్గుతుంది, నడవాల్సిన వరుసలూ ఎక్కువవుతాయి.

ఏ లోహమో సూచిస్తూ డిటెక్టరు తెర మీద వచ్చే అంకె మీద ఆశలు పెట్టుకోవద్దు. బంగారానికి తనదంటూ ఒక అంకె లేదు. 22 క్యారట్‌లో 91.6 శాతం బంగారం ఉంటుంది, 18 క్యారట్‌లో 75 శాతమే. మిగతా లోహాలు కలిసేకొద్దీ విద్యుత్ ప్రసరణ పడిపోతుంది. కాబట్టి మందపాటి 22 క్యారట్ ఉంగరం ఎక్కువ అంకె ఇస్తుంది, సన్నటి 18 క్యారట్ ఉంగరం, తెల్ల బంగారం సిగరెట్ పెట్టెలోని అల్యూమినియం రేకు దగ్గర పడతాయి. మధ్యస్థంగా ఉన్నవి డబ్బా మూతల రింగుల అంకెలతో కలిసిపోతాయి. ప్లాటినం ఖరీదు చూసి పెద్ద అంకె వస్తుందనుకుంటారు గానీ అదీ కిందే పలుకుతుంది. టైటానియం ఇంకా కింద. టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరం అన్నిటికన్నా మొండిది. వెండి ఒక్కటే పైన ఉండి పని తేలిక చేస్తుంది. ఇంకో సంగతి, ఉంగరం మంచి సిగ్నల్ ఇచ్చేది అది తెగని వలయం కాబట్టి. అతుకు విడిపోయిన ఉంగరం, సన్నటి గొలుసు సగం గొంతుతో కూడా పలకవు. పోయింది అలాంటిదైతే ముందే తెలుసుకుని, సందేహపు సిగ్నళ్లు కూడా తవ్వాలి. ఇనుము తప్ప మిగిలినవేవీ వడకట్టవద్దు. రేకు ముక్కల్ని తప్పించుకునే సెట్టింగు ఉంగరాన్నీ తప్పిస్తుంది.

ఇక స్కూపు. వాడినవి మూడు. మొదటిది పొట్టి పిడి చేతి స్కూపు, పొడి ఇసుకకు తప్ప పనికిరాదు. రెండోది గాల్వనైజ్ చేసిన ఇనుముది. ఒక సీజన్ ముగిసేసరికి పిడి, బకెట్ కలిసే చోట వెల్డింగు చీలింది. గులకరాళ్లలో గుచ్చి పిడిని వెనక్కి వంచినప్పుడు భారమంతా ఆ ఒక్క అతుకు మీదే పడుతుంది. మూడోది ఇప్పుడు ఉన్నది: స్టెయిన్‌లెస్, అతుకు మీద అడ్డపట్టీ, వెనక పాదం ఆనించడానికి వంపు తిరిగిన మడమ, 125 సెంటీమీటర్ల పిడి, బరువు రెండున్నర కిలోలు. కొనేటప్పుడు ఆ అడ్డపట్టీ, మడమ ఉన్నాయో లేదో చూడండి. రంగులు, చెక్కడాలు తర్వాత.

రంధ్రాల కొలత మీద చాలామంది పొరపడతారు. 10 నుంచి 12 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు మంచివి. ఉంగరం బయటి కొలత సాధారణంగా 18 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటుంది కాబట్టి ఎలా తిరిగినా దూరదు. పొడవాటి చీలికలున్న స్కూపులో మాత్రం ఉంగరం అంచు మీద నిలబడి, పలక లాగా జారిపోతుంది. చీలిక పొడవు 15 మిల్లీమీటర్లు దాటితే ఆ స్కూపు ఉంగరాలకు వద్దు. చెవి కమ్మ దిద్దులు, ఊడిపోయిన రాయి వెతికేటప్పుడు 12 మిల్లీమీటర్ల రంధ్రం కూడా పెద్దదే. బకెట్ లోపల 5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ వల పరచాలి.

తవ్వే పద్ధతిలోనే ఉంగరాలు పోయేది. సిగ్నల్ నడిబొడ్డు దొరికాక బొటనవేలు కాయిల్ మధ్యకు తాకేలా కాలు పెట్టి, అప్పుడు కాయిల్ తీయాలి. నీళ్లలో చూపు మోసం చేస్తుంది, కాలు చేయదు. స్కూపు అంచును ఆ చోటుకు 10 నుంచి 15 సెంటీమీటర్లు వెనకగా దించి, మడమ మీద తొక్కి, సిగ్నల్ కిందుగా పోనివ్వాలి. నేరుగా పైనుంచి గుచ్చితే అంచు ఉంగరాన్ని తగిలి ఇంకా లోతుకు నెడుతుంది, లేదా పక్క గోడలోకి తోస్తుంది. స్కూపులోకి నాలుగు లీటర్ల తడి ఇసుక వస్తే ఎనిమిది కిలోల బరువు. నీళ్లలోనే ఉంచి కుదిపితే బరువు సగానికి సగం తగ్గినట్టుంటుంది, ఇసుకా తనంతట తానే జారిపోతుంది. ప్రవాహం ఉన్నచోట స్కూపు నోరు ఎగువకు తిప్పి పట్టాలి. నీరు నోట్లోంచి వచ్చి రంధ్రాల్లోంచి పోతూ సరుకును అడుగుకు నెడుతుంది. నోరు దిగువకు ఉంటే అదే నీరు ఉంగరాన్ని బయటికి తోడేస్తుంది.

ప్రతి స్కూపు తీశాక గుంత మీద మళ్లీ కాయిల్ తిప్పాలి. శబ్దం లేకపోతే వస్తువు స్కూపులో ఉంది. శబ్దం అక్కడే ఉంటే ఇంకా కిందుంది. పక్కకు జరిగితే గోడ కూలి దొర్లింది. ఈ ఒక్క అలవాటు లేకపోతే పది నిమిషాల పని రెండు గంటలవుతుంది. తీసిన మన్ను వెతికేసిన వైపే పోయాలి, వెతకాల్సిన వైపు కాదు.

జిగురుమన్ను వేరే లోకం. రంధ్రాలన్నీ పూడుకుపోతాయి, ఎంత కుదిపినా ముద్ద ముద్దగానే ఉంటుంది, ముద్ద లోపల ఉంగరం ఉండిపోతుంది. అక్కడ స్కూపులో వెతకకుండా మొత్తం తేలే జల్లెడలోకి వేసి, చేత్తో పిసికి కడగాలి. జల్లెడ కన్ను 8 మిల్లీమీటర్లు, చుట్టూ ఫోమ్ గొట్టం, నడుముకు తాడు. లోహపు స్కూపులో పిన్‌పాయింటరు పెడితే అది స్కూపునే పట్టుకుని మోగుతుంది. ప్లాస్టిక్ జల్లెడలోనే దానికి ప్రాణం వస్తుంది. జల్లెడ అడుగున చిన్న నియోడైమియం అయస్కాంతం ఒకసారి తిప్పితే మేకులు, సీసా మూతలు అంటుకుంటాయి. బంగారం, వెండి, ప్లాటినం సాధారణంగా అంటుకోవు కాబట్టి మిగిలిన కుప్ప చిన్నదవుతుంది.

ఉంగరం ఎక్కడుంటుందన్నది దాని బరువు చెబుతుంది. ఇసుక సాంద్రత 2.65 ఉంటే స్వచ్ఛమైన బంగారానిది 19.3, ప్లాటినానిది 21కి పైనే. మెత్తటి ఇసుక మీద పడిన ఉంగరం చుట్టూ అలలు, అడుగులు ఇసుకను కదిలించేకొద్దీ అది దిగుతూ పోతుంది. గట్టి పొర, అంటే మన్నో గులకో తగిలేదాకా ఆగదు. మనిషి నిలబడగలిగిన ప్రవాహం ఉంగరాన్ని దూరం తీసుకుపోదు. ఇసుకను తీసుకుపోయి ఉంగరాన్ని కిందికి దించుతుంది. నిన్నా మొన్నా పోయినదైతే పడిన చోటుకు అడుగు దూరంలోనే వెతకండి. ఏళ్ల కిందటిదై, మధ్యలో వరదలు వస్తే లెక్క మారుతుంది. అప్పుడు బండరాళ్ల దిగువ నీడ, వంపు లోపలివైపు మేట, రాతి పగుళ్లు చూడాలి. గాలం వేసేవాళ్ల సీసపు గుండ్లు ఒకచోట వరసగా దొరుకుతున్నాయంటే ఆ నీరు బరువైన వస్తువుల్ని అక్కడే దించుతోందని గుర్తు.

వెతుకులాట మొదలయ్యేది నీళ్లలో కాదు, పోగొట్టుకున్నవాళ్లతో మాటల్లో. నీళ్లు ఎంతవరకు వచ్చాయి, మోకాలికా నడుముకా? ఎదురుగా ఏ చెట్టు, ఏ స్తంభం కనిపించాయి? ఆ రోజు తీసిన ఫొటో ఉందా? ఫొటోలో ముందున్న గుర్తు, వెనకున్న గుర్తు ఒకే గీతలోకి వచ్చే చోటు పట్టుకుని, ఇంకో జతతో రెండో గీత గీస్తే ఆ రెండూ కలిసేది ఫొటో తీసిన చోటు. అక్కడ నిలబడి చూస్తే, ఫొటోలో మనిషి వెనక కనిపించిన గుర్తు వైపు సాగే గీత మీదే అతను నిలబడ్డాడు. సరస్సు మట్టం అప్పటికీ ఇప్పటికీ మారి ఉంటే లోతు గుర్తును ఆ తేడాతో సరిచేసుకోవాలి. బంతి విసురుతుంటే వేలినుంచి ఎగిరిపోయిందంటే, అంతే బరువున్న నట్టుకు రంగు రిబ్బన్ కట్టి అదే చోటునుంచి అలాగే నాలుగైదుసార్లు విసిరించండి. అవి పడే చోట్లను చుట్టిన వలయమే మీ హద్దు. చన్నీళ్లలో వేళ్లు సన్నబడతాయి, ఈదుతుండగా జారినవి అందుకే ఎక్కువ. అప్పుడు మాత్రం వెతకాల్సిన దారి ఈదినంత పొడుగ్గా సాగుతుంది, ఓపిక ఎక్కువ కావాలి.

ఇంట్లోవాళ్లు కంగారులో దిగి కాళ్లతో కెలుకుతారు. వాళ్ల బాధ అర్థమవుతుంది, అయినా మెత్తగా ఆపాలి. ప్రతి అడుగూ ఉంగరాన్ని ఇంకాస్త కిందికి తొక్కుతుంది, నీటినీ బురద చేస్తుంది. నీరు తేటగా ఉంటే డిటెక్టరు తీయకముందే ముఖానికి మాస్క్ పెట్టుకుని ఒకసారి కళ్లతో చూడండి. గులక మీద పడిన బంగారం కంటికే దొరుకుతుంది.

తర్వాత తాడు. 20 మీటర్ల తాడు 5 మీటర్ల చదరానికి చుట్టూ సరిపోతుంది. సీసపు గుళ్లున్న వల తాడు, ఇనుప మేకులు వాడొద్దు, అవే మోగుతాయి. చదరాన్ని మీటరు వెడల్పు వరుసలుగా విభజించి, కాయిల్‌లో సగం ముందటి ఊపును కప్పేలా నడిస్తే ఒక్కో వరుసకు దాదాపు 36 ఊపులు పడతాయి. నదిలో దిగువ నుంచి ఎగువకు నడవాలి, లేచిన బురద వెనక్కి పోతుంది. మొత్తం అయ్యాక అడ్డంగా రెండోసారి. అంచు మీద నిలబడ్డ ఉంగరం ఈ రెండో విడతలోనే దొరికేది. కాయిల్ నీళ్లలో పైకి తేలుతుంది, నేలకు ఆనించి నడపాలి. కాయిల్ కవరు కింద ఇసుక చేరితే ఊరికే మోగుతుంది, నీళ్లలో పనికి కవరు తీసేయడమే నయం.

నాలుగేళ్లలో చెడినవి: మోచేతి పట్టీ రెండుసార్లు విరిగింది. పిడి కీళ్లలో ఇసుక చేరి వదులైంది. ఒకసారి తెర వెనక ఆవిరి పట్టింది. దానికి కారణం నా అలవాటే. ఎండలో వేడెక్కిన యంత్రాన్ని అలాగే చన్నీళ్లలో ముంచితే లోపలి గాలి కుంచించుకుని సీలు పక్కనుంచి తేమను లాగుతుంది. నీడలో పది నిమిషాలు చల్లారనిచ్చి దింపాలి. వైర్‌లెస్ హెడ్‌ఫోన్ మోకాలిలోతు దాకానే, యంత్రం డబ్బా మునిగితే రేడియో తరంగం నీటిని దాటలేక శబ్దం తెగిపోతుంది. నడుములోతుకు వైరున్నదే కావాలి. దాని కనెక్టర్‌లో నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు వలయానికి (ఓ-రింగుకు) సిలికాన్ గ్రీజు సన్నగా రాయండి, లోహపు పిన్నులకు తగలనివ్వకండి. చార్జింగ్ కాంటాక్టులు పూర్తిగా ఆరాకే చార్జర్ పెట్టాలి.

ఒంటరిగా రొమ్ములోతు దాటొద్దు. ఎగువన ఆనకట్ట ఉంటే నీరు వదిలే వేళలు కనుక్కోండి. మందపాటి అడుగున్న నియోప్రీన్ బూట్లు, తెగని గ్లవ్స్ లేకుండా దిగొద్దు, గాలాలు, గాజుపెంకులు కనిపించవు. ఆ ఒడ్డున డిటెక్టరు వాడటానికి అనుమతి కావాలేమో ముందే అడగాలి.

ఉంగరం దొరికితే, మీదేనా అని వెంటనే చూపించకండి. లోపల చెక్కిన అక్షరాలు, రాయి రంగు, అరుగుదల వాళ్లనే చెప్పమనండి. సరిపోయాక, ఇసుక రుద్దకుండా మంచినీళ్లలో జాడించి, రాయి కదులుతోందేమో చూసి, చిన్న మూత డబ్బాలో వేసి ఇవ్వండి. రాయి కదిలితే వేలికి తొడగనివ్వకండి, ఆ నీళ్ల పక్కన అసలే వద్దు.