గోవా తీరానికి అద్దె బండి: స్కూటీ చాలు, బుల్లెట్ వద్దు

ఉత్తరాన తెరేఖోల్ నుంచి దక్షిణాన పోలెం దాకా గోవా తీరం దాదాపు 105 కిలోమీటర్లు. బీచ్‌లన్నీ ఒకే రోడ్డు పక్కన వరసగా ఉండవు. 66వ నంబరు జాతీయ రహదారి లోపలగా పోతుంది. దాన్నుంచి సన్నటి దారులు చీలి, ఊళ్లూ కొబ్బరితోటలూ దాటి ఒడ్డుకు చేరతాయి. సీజన్‌లో ఈ దారుల్లో కారు ఇరుక్కుంటుంది, బస్సు చివరిదాకా రాదు. అద్దె బండి అక్కడ నిజంగా ఉపయోగపడే సేవ. కాకపోతే ఏ బండి తీసుకున్నాం, ఏం చూసి తీసుకున్నాం అన్నదాన్ని బట్టే ఆ ఉపయోగం.

చాలామంది ముందు బుల్లెట్ అడుగుతారు. ఆ రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లలో క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. ఊళ్ల మధ్య ఇరుకు సందులో వెనక్కి తిప్పాలన్నా, బీచ్ దగ్గరి ఇసుక నేలలో నిలపాలన్నా ఆ బరువే శత్రువు. బాగా బీచ్, కలంగూట్ లాంటి చోట సాయంత్రం ట్రాఫిక్‌లో ఒకటి రెండు గేర్ల మీదే గంటసేపు ఈడ్చాలి. హైవే మీద పెద్ద దూరాలు పోయేవాళ్లకి, ఘాట్ దారుల్లో ఇంజిన్ బ్రేకింగ్ (యాక్సిలరేటరు వదిలితే ఇంజినే వేగం తగ్గించడం) కావాలనుకునేవాళ్లకి అది మంచి బండే. తీరం వెంట ఆగుతూ తిరగడానికి మాత్రం 110 సీసీ స్కూటీయే సరైనది.

స్కూటీల్లోనూ తేడాలున్నాయి. ఎక్కడ చూసినా యాక్టివానే ఇస్తారు. ఇంజిన్ నమ్మకమైనది, ప్రతి మెకానిక్‌కూ తెలిసిన బండి. దాని బలహీనత వెనక చక్రం: 10 అంగుళాలే. గుంతలో పడితే నడుముకు తెలుస్తుంది, ఇసుకలో తొందరగా కూరుకుపోతుంది. జూపిటర్‌కి రెండు చక్రాలూ 12 అంగుళాలు, కాబట్టి దొరికితే అదే మేలు. ఇద్దరెక్కి దక్షిణ గోవాలోని కాబో ద రామా వైపు ఎత్తులు ఎక్కాలనుకుంటే కాస్త ఎక్కువిచ్చి ముందు డిస్క్ బ్రేకున్న 125 సీసీ బండి తీసుకోండి. ఆ డబ్బు దండగ కాదు.

బండికంటే ముందు నంబరు ప్లేటు చూడండి. అద్దెకిచ్చే అనుమతి ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు బండి సొంత వాడకానికి రిజిస్టరైంది, దాన్ని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. పోలీసులు ఆపడం చిన్న సమస్య. పెద్ద సమస్య బీమా. ప్రైవేటు పాలసీ అద్దె వాడకానికి వర్తించదు కాబట్టి, ప్రమాదం జరిగితే క్లెయిము తిరస్కరించే వీలుంటుంది. అప్పుడు ఎదుటివాళ్లకి కట్టాల్సింది మీ నెత్తిన పడొచ్చు. వంద రూపాయలు తక్కువకి వస్తుందని తెల్ల ప్లేటు బండి ఎక్కకండి, దయచేసి.

లైసెన్సు మీద ఎంసీడబ్ల్యూఓజీ (గేరు లేని ద్విచక్ర వాహనం) అని మాత్రమే ఉంటే గేరు బండి నడపకూడదు. కారు లైసెన్సు ఒక్కటే ఉంటే స్కూటీకీ చెల్లదు. లైసెన్సు డిజిలాకర్‌లో చూపిస్తే సరిపోతుంది. పాస్‌పోర్టు, ఆధార్ ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ అప్పగించొద్దు, జిరాక్సు ఇవ్వండి. ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ కాగితాలు డిక్కీలో ఉన్నాయో లేదో, వాటి గడువు తేదీలు దాటాయో లేదో అక్కడే చూసుకోండి.

ఇక తాళం చేతిలోకి తీసుకునే ముందు పది నిమిషాల పని. బండి చుట్టూ తిరుగుతూ గీతలు, సొట్టలు, అద్దాలు, పగిలిన ప్లాస్టిక్, పెట్రోలు ముల్లు అన్నీ కనపడేలా వీడియో తీసి, యజమాని ముందే ఆయన నంబరుకి వాట్సాప్ చేయండి. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో ఎక్కడో పట్టుకుని ఆగినట్టుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) పోయినట్టే, ఆ బండి వంపుల్లో సూటిగా నిలవదు. చక్రాన్ని పక్కలకి ఊపితే లొడలొడలాడకూడదు. టైరు గాడుల్లో అరుగుదల గుర్తులుంటాయి, రబ్బరు వాటిదాకా అరిగితే వేరే బండి అడగండి. బ్రేకులు ఒక్కొక్కటే పట్టి బండిని ముందుకు నెట్టండి, చక్రం కదలకూడదు. లివరు హ్యాండిల్ పిడికి తగిలేంత లోపలికొస్తే నట్టు బిగించి ఇమ్మనండి. తీరంలో బ్రేకు డ్రమ్ములోకి ఇసుక చేరి కీచుమనడం మామూలే, కానీ గరగర గీసుకుంటున్న శబ్దం వస్తే బ్రేకు లైనర్లు అరిగి అయిపోయి ఉండొచ్చు. సెల్ఫ్ నాలుగైదుసార్లు వరసగా కొట్టి చూడండి. ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లు తెల్లగా పూస్తాయి, ఆ బండి రాత్రి ఏ బీచ్ దగ్గరో మొండికేస్తుంది. హెడ్‌లైటు, బ్రేకు లైటు, హారన్ తప్పక చూడండి. లోపలి దారుల్లో వీధి దీపాలు తక్కువ.

గాలి సంగతి అద్దెకిచ్చేవాళ్లు ఎక్కువగా పట్టించుకోరు. యాక్టివాకి ముందు 22 పీఎస్‌ఐ, వెనక ఒక్కరికి 29, ఇద్దరికి 36. మొదటి బంకులోనే నింపించండి. సగం గాలితో ఇద్దరు వెళ్తే వంపుల్లో వెనక భాగం తేలిపోతున్నట్టుంటుంది, రిమ్ము కూడా దెబ్బతింటుంది. హెల్మెట్‌గా సగం టోపీ లాంటిది ఇస్తే ఒప్పుకోవద్దు. ఐఎస్‌ఐ గుర్తు, పనిచేసే గడ్డం పట్టీ ఉండాలి, వెనక కూర్చునేవాళ్లకీ ఒకటి ఉండాలి. వీలైతే ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకోండి.

పెట్రోలు దాదాపు ఖాళీ ట్యాంకుతోనే ఇస్తారు. యాక్టివా ట్యాంకు 5.3 లీటర్లు, నింపితే ఇద్దరితోనూ రెండొందల కిలోమీటర్ల దాకా వస్తుంది. బంకులు పెద్ద ఊళ్ల దగ్గరే ఉంటాయి కాబట్టి మడ్‌గావ్, చౌడీ దాటేముందు ముల్లు చూసుకోండి. సీసాల్లో అమ్మే పెట్రోలు ముట్టుకోవద్దు, అందులో ఏం కలిసిందో ఎవరికీ తెలియదు.

పణజిలో మాండవి మీది అటల్ సేతు ఎక్కడానికి ద్విచక్ర వాహనాలకి అనుమతి లేదు. మ్యాప్ కారు మోడ్‌లో ఉంటే అటే పొమ్మంటుంది. టూవీలర్ మోడ్ పెట్టుకుని పక్కనున్న పాత వంతెనల మీదుగా వెళ్లాలి. ఉత్తరాన శివోలి వంతెన దాటాక మోర్జిం, అశ్వేం, మాండ్రెం, అరంబోల్ వరసగా వస్తాయి. కేరీ దగ్గర ఫెర్రీ మీద బండితో సహా దాటితే తెరేఖోల్ కోట. ఫెర్రీ కాదని రోడ్డున చుట్టి వెళ్తే మధ్యలో మహారాష్ట్ర తగులుతుంది. రాష్ట్రం దాటడానికి అద్దె బండికి అనుమతి ఉందో లేదో యజమానిని ముందే అడగాలి. పోలెం దాటి కార్వార్ వెళ్లాలన్నా ఇంతే.

రెండు వైపుల్లో ఏది బాగుందంటే దక్షిణమే. బేతుల్ నుంచి కాబో ద రామా మీదుగా అగోంద దాకా పోయే దారి, బండి మీద వెళ్లాల్సినవాటిలో మొదటిది. అక్కడే స్కూటీ గుణం కూడా తెలుసుకోవాలి. దిగుడులో యాక్సిలరేటరు పూర్తిగా వదిలేసి వేగం బాగా తగ్గితే ఇంజిన్ వేగాన్ని బట్టి తనంతట తానే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్ విడిపోతుంది, ఇంజిన్ పట్టు ఉండదు, బండి జారుడుబల్ల మీదున్నట్టు పోతుంది. అప్పుడు కొంచెం యాక్సిలరేటరు ఇచ్చి వదిలితే క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది. బ్రేకు పట్టుకునే ఉండకుండా పట్టి వదులుతూ దిగండి. డ్రమ్ము వేడెక్కితే లివరు మెత్తబడి కాలిన వాసనొస్తుంది. అలా వస్తే పక్కకి ఆపి చల్లారనివ్వాలి, నీళ్లు పోయకూడదు.

బీచ్ దగ్గరి మలుపుల్లో తారు మీద ఇసుక పొర ఉంటుంది. వేగం మలుపుకి ముందే తగ్గించాలి, వంగిన బండికి ముందు బ్రేకు పట్టకూడదు. ఇసుకలో సైడ్ స్టాండ్ దిగబడుతుంది కాబట్టి కింద చదునైన రాయి పెట్టండి. బీచ్ మీదికి బండి తోలడం నేరం, పోలీసులు కేసు పెడతారు. పైగా ఉప్పునీటికి బేరింగులు పాడైతే ఆ ఖర్చు మీదే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు. ఆ నెలల్లో అద్దె తగ్గుతుంది, కానీ ఎర్రమట్టి, రాలిన ఆకులు కలిసి రోడ్డు నున్నగా మారుతుంది. నీళ్లలోంచి వచ్చాక బ్రేకు మెల్లగా నొక్కుతూ కొంతదూరం పోతే డ్రమ్ములు ఆరతాయి.

మామూలు రోజుల్లో యాక్టివా అద్దె రోజుకి నాలుగైదు వందల దగ్గర ఉంటుంది, డిసెంబరు చివరలో రెట్టింపు దాటొచ్చు. నాలుగు రోజులకి పైన తీసుకుంటే బేరమాడండి. రోజు లెక్క 24 గంటలకా, రాత్రి దుకాణం మూసేదాకానా అన్నది మొదటే తేల్చుకోండి. పంక్చర్ పడితే ఖర్చు ఎవరిది, బండి ఆగిపోతే మెకానిక్‌ని పంపుతారా లేదా అన్నవీ వాట్సాప్‌లో రాయించుకోండి. వీటికి సూటిగా జవాబిచ్చే దుకాణంలోనే డబ్బు కట్టండి.