పిల్లల మనోధర్మానికి ఏది ముందు: స్వరకల్పనా, పద్యమా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు పిల్లలకు సంగీతం చెప్పేవాళ్లకు తల్లిదండ్రుల నుంచి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది: "వర్ణాలు అయిపోయాయి కదా మాస్టారూ, స్వరాలు ఎప్పుడు వేయిస్తారు?" మనోధర్మమంటే (రాగంలో అప్పటికప్పుడు సొంతంగా కల్పించి పాడడం) స్వరకల్పనే, అంటే స-రి-గ పేర్లతో తాళంలో అల్లి పాడడమే అని వాళ్ల లెక్క. తాళం లేకుండా రాగంలో పద్యం పాడించడమనే దారి కూడా ఉంది. రెండూ మోహన రాగంతోనే మొదలుపెట్టొచ్చు.

స్వరకల్పనలో తప్పు దాక్కోదు. తారషడ్జం నుంచి ధైవతానికి జారేటప్పుడు పిల్లల గొంతు మోహనలో లేని నిషాదాన్ని తాకుతుంది. అకారంలో ("ఆ" అంటూ పాడితే) అది తెలియకుండా పోతుంది, పేరుపెట్టి పాడితే పట్టుబడుతుంది. ఆదితాళంలో మొదటి కాలంలో అక్షరానికి (తాళంలో ఒక్కో లెక్కకు) 2 చొప్పున ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) 16 స్వరాలు. మొదట్లో సగం ఆవర్తనం చాలు. పల్లవి సమంలో (ఆవర్తనం మొదట్లోనే) గాంధారం మీద ఎత్తుకునేదైతే "ప , గ రి స , రి ," అని పాడి గాంధారంలో దిగాలి. కామా ఉన్నచోట నిలవడమే అసలు పాఠం. నిలవకుండా ఎనిమిదీ నింపేస్తే గమకం (స్వరంలోని ఊపు) పోయి సరళీస్వరాల్లా వినిపిస్తాయి.

చిక్కల్లా ఇది రాసుకోవడానికి వీలైన విద్య కావడమే. కొన్నాళ్లకు నోటుబుక్కులో ముక్తాయింపులు (స్వరాలు ముగించే కూర్పులు) పోగుపడతాయి. వేదిక మీద చప్పట్లూ పడతాయి. అదే రాగంలో వేరే ఎత్తుగడ ఇస్తే మాత్రం నోరు పెగలదు.

పద్యం పాడే తీరును అలా రాసుకోలేరు. నా మొగ్గు అందుకే దానివైపు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం మీద. కాబట్టి 9 దగ్గర మాట తెగే పద్యం ఎంచుకుంటే ఊపిరి తీసుకునే చోటు దానంతటదే దొరుకుతుంది. మొదటి పాదం షడ్జపంచమాల మధ్యే ఉండాలి. రెండోది ధైవతం దాకా, మూడోది తారషడ్జం దాకా వెళ్లాలి, నాలుగోది దిగిరావాలి. రాగాలాపన నడిచేదీ ఇలాగే. పాదం చివర ఒక్క ఊపిరిలో అకారం పాడించండి, రెండోసారి పాడేటప్పుడు అది మారాలని షరతు పెట్టండి. రికార్డుల్లో పేరుపడ్డ నాటకపద్యం ఇస్తే మాత్రం అనుకరణే వస్తుంది. శతకాల్లోంచి, పిల్లలు ఎప్పుడూ వినని పద్యం తీసుకోండి.

ఇక్కడి పిల్లలతో ఇంకో సంగతి ఉంది. ఒడియా బడిలో చదివేవాళ్లు సాహిత్యం ఒడియా లిపిలో రాసుకుంటారు. అందులో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు. "ఒక" కాస్తా "ఓక" అయితే లఘువు గురువై పాదం కుంటుతుంది. కృతిలో ఇది తాళం చాటున కప్పబడిపోతుంది కానీ పద్యంలో బయటపడుతుంది. హ్రస్వం దగ్గర కింద గీత గీయించి, రాగం జోలికి పోకముందు అర్థం చెప్పి నాలుగైదుసార్లు వట్టిగా చదివించాలి.

పద్యంతో తాళజ్ఞానం పెరగదన్నది నిజమే. నిషాదం దొంగతనంగా దూరేదీ ఇందులోనే. అందుకని పద్యంలో పిల్లకు తోచిన ప్రయోగాన్ని అక్కడికక్కడే స్వరాలుగా చెప్పించాలి. తర్వాత దాన్నే 8 స్వరాల్లో ఇమిడ్చి పల్లవికి కలపమనాలి. స్వరకల్పన ఇలా మొదలైతే నోటుబుక్కుతో పని పడదు.

నెరవు (పాటలో ఒకే పంక్తిని రకరకాలుగా మార్చి పాడడం) ఈ రెండూ కుదిరాకే. రాగం నడక ఎంత మారినా మాటలు తాళంలో తమ చోటు తప్పకూడదు, తొలి ఏడాదిలో అది పిల్లల వల్ల కాదు.