అంట్లా, ముగ్గా, పూలదండా? ఎరుక అలవాటు చేసుకోవడానికి ఏ ఇంటిపని మేలు

పరధ్యానం అనే మాట భలే కచ్చితంగా కుదిరింది. ధ్యానం లేదని కాదు, అది వేరేచోట ఉందని. చేతులు సింకులో, మనసు రేపటి మీటింగులో. ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో యాప్‌లు నేర్పుతున్నది కూడా ఈ పరధ్యానాన్ని గమనించి, మనసును వెనక్కి తెచ్చుకునే అలవాటే. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో దీన్ని ‘సతి’ అంటారు, మన మాటల్లో ఎరుక. కళ్లు మూసుకుని శ్వాసను చూడడమే కాదు, నడిచేటప్పుడు, తినేటప్పుడు, చేయి చాపి ముడిచేటప్పుడు కూడా తెలిసి చేయమని బుద్ధుడి బోధల్లోనే ఉంది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన 8 వారాల శిక్షణలో తొలి పాఠాల్లో ఒకటి, ఒకే ఒక్క కిస్మిస్‌ను చూసి, తాకి, వాసన చూసి, నెమ్మదిగా తినడం. కాబట్టి ఇంటిపనితో సాధన కొత్త కిటుకేం కాదు. తేల్చుకోవాల్సింది ఏ పనితో అన్నదే.

ఇక్కడ మూడు పనుల్ని ఒకే రాయితో తూచాం: మనసు జారిందని ఆ పని మనకి ఎంత త్వరగా చెబుతుంది? జారకుండా కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. జారిందని తెలిసిన క్షణం, అక్కణ్ణుంచి తిరిగి రావడం, సాధనంతా అందులోనే ఉంది. తెలియడానికి అరగంట పడితే ఆ అరగంటలో ఒకే ఒక్కసారి సాధన చేసినట్టు.

అంట్లు తోమడం

మూడు పూటలా ఉండే పని. కొత్తగా కొనాల్సింది లేదు, నేర్చుకోవాల్సింది లేదు. చిక్కు కూడా అదే. చేతులకి ఎంత అలవాటంటే మనసు ఎక్కడున్నా గిన్నె శుభ్రంగానే వస్తుంది. పని మనల్ని పట్టివ్వదు. సింకు నిండా ఉన్నవన్నీ ఎరుకతో తోమేస్తానని మొదలుపెట్టినవాళ్లు మూడో గ్లాసు దగ్గర ఎటో వెళ్లిపోయి, చివరి మూకుడు దగ్గర తిరిగొస్తారు.

దీనికి రెండు సర్దుబాట్లు కావాలి. ఒకటి, అన్నీ వద్దు, 5 చాలు. మిగతావి కావాలంటే పాటలు వింటూ తోముకోండి. ఆ అయిదింటిలో గ్లాసులు, చెంచాలు ఎక్కువ ఉండాలి. అడుగంటిన గిన్నె మీద ధ్యాస దానంతటదే నిలుస్తుంది. జారేది తేలిక సామాను దగ్గరే. రెండు, కడిగిన ప్రతిదాన్నీ చప్పుడు కాకుండా బోర్లించాలి. స్టాండులో గ్లాసు టంగుమందంటే ఆ క్షణంలో మీరు అక్కడ లేరు. పట్టివ్వని పనికి ఈ చప్పుడే గంట కడుతుంది.

ఇక తోమేటప్పుడు చూడాల్సింది వేళ్ల కింద. జిడ్డున్నంతసేపూ పళ్లెం మీద బొటనవేలు జారిపోతుంది. సబ్బు పోయి నీళ్లు తగలగానే అదే వేలు పట్టుకుంటుంది, కీచుమంటుంది. నడుమ కీచుమన్న పళ్లెమే అంచు మడత కింద ఇంకా జారుతుంటుంది. దీన్ని మనసులో మాటల్లో చెప్పుకోనక్కర్లేదు, వేలికి తెలిస్తే చాలు. కుళాయి సన్నధారగా ఉంచండి. పూర్తిగా తిప్పితే ఆ హోరులో కీచూ వినబడదు, టంగూ వినబడదు.

ఈ పని మీద ఒక చిన్న ప్రయోగం కూడా జరిగింది. 2015లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 51 మంది విద్యార్థుల చేత అంట్లు తోమించారు. కొందరికి సబ్బు వాసన, నీళ్ల వెచ్చదనం, గిన్నెల స్పర్శ గమనించడం గురించిన పేరా ముందు చదివించారు. మిగతావాళ్లకి మామూలుగా ఎలా కడగాలో రాసిచ్చారు. మొదటివాళ్లలో కంగారు 27 శాతం తగ్గినట్టు తేలింది, రెండోవాళ్లలో తేడా లేదు. ఒక్కపూట ప్రయోగం, అదీ కొద్దిమందితో. తోమడం కన్నా ఎలా తోమామన్నదే తేడా తెచ్చిందన్నంత వరకు నమ్మొచ్చు, అంతకుమించి లాగకూడదు.

మెలికల ముగ్గు

దీంట్లో పరధ్యానం దాగదు. కాకపోతే ఆలస్యంగా బయటపడుతుంది. ఒక మెలిక తప్పు వైపు తిరిగితే అప్పటికి అంతా బాగానే కనబడుతుంది. చివర్లో గీత వచ్చి మొదలుతో కలవదు. ఎక్కడ జారామో వెనక్కి వెతుక్కోవాలి.

7 చుక్కలు, 4 వచ్చేదాకా సందు చుక్క అంటే మొత్తం 37 చుక్కలు. సాధనకి అది పెద్దది. 5 నుంచి 3కి, 19 చుక్కలతో మొదలుపెట్టండి, అదీ చేతికి బాగా వచ్చిన ముగ్గే. కొత్త ముగ్గైతే మనసు లెక్కలో పడి పొడుపుకథ విప్పుతున్నట్టు అవుతుంది, వేళ్ల మధ్య పిండి జారడం తెలియదు. తెలియాల్సింది అదే: బొటనవేలు చూపుడువేలిని ఎంత నొక్కితే గీత సన్నబడుతోంది, చేయి ఏ మలుపులో ఆగుతోంది. గీత ఉన్నట్టుండి లావైతే మనసు ముందరి చుక్క మీదికి దూకిందని గుర్తు. మెలిక కలవకముందే పట్టించే సంగతి ఇదొక్కటే.

చెడేది ఎక్కువగా నేల వల్ల. కళ్లాపి చల్లగానే వేస్తే పిండి తడి పీల్చి గీత పరుచుకుంటుంది. బాగా ఆరిపోతే గాలికి లేస్తుంది. అడుగు తడిగా తెలుస్తూ నీళ్లు నిలవకుండా ఉన్నప్పుడు వేయాలి. చుక్కల మధ్య రెండు వేళ్ల ఎడం ఉంచితే అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు గచ్చు చాలు. ఫోటో తీసి స్టేటస్ పెట్టాలన్న ఆలోచన పుట్టిందా, ఆ పూట సాధన అయిపోయినట్టే. ముగ్గు మాత్రం బాగానే వస్తుంది లెండి.

మల్లెపూలు కట్టడం

మూడింటిలో తక్షణం పట్టించేది ఇదే. రెండు మొగ్గలు కాడలు కుడివైపుకి, వాటి మీద రెండు ఎడమవైపుకి పెట్టి, వేలికి దారం మెలివేసి, ఆ మెలికని కాడల మీదుగా దించి లాగాలి. లాగుడు తక్కువైతే దండ ఎత్తగానే జత జారిపోతుంది. ఎక్కువైతే కాడలు తెగి మొగ్గలు ఒళ్లో పడతాయి. ఈ రెంటి మధ్య ఉన్న బిగువు చూపుడువేలికే తెలుస్తుంది, కంటికి కాదు. ప్రతి జతకీ ఒక పరీక్ష, వెంటనే ఫలితం.

తడిపిన అరటినార అన్నిటికన్నా నయం, లేదంటే తడిపిన నూలుదారం. నైలాన్ దారం కాడల్ని కోసేస్తుంది. మొగ్గలుగా ఉన్నప్పుడే, సాయంత్రం విచ్చుకోకముందు కట్టాలి. విచ్చినవి రేకులు నలుగుతాయి. సాధనగా 20 జతలు కట్టి ఆపండి. ఆ తర్వాత చేతికి వేగం వస్తుంది, వేగంతో కబుర్లూ వస్తాయి. మల్లెల కాలం వేసవి. మిగతా నెలల్లో కనకాంబరాలతో కట్టొచ్చు గానీ ఆ కాడలు మరీ సుకుమారం, కొత్తవాళ్లకి విసుగొస్తుంది.

పోపు పెట్టడం ఎందుకు లేదని అడగొచ్చు. ఆవాలు చిటపటమనే ఆ నిమిషంలో ఎవరికైనా ధ్యాస ఉంటుంది, లేకపోతే మాడుతుంది. మాడుతుందన్న భయంతో నిలిచిన ధ్యాస వేరే సంగతి. నడక మంచిదే, కానీ ఫోన్‌లో అడుగుల లెక్క చూసుకుంటూ నడిస్తే కాదు. ఇంట్లోనే 15 అడుగులు అటూ ఇటూ, అరికాలు నేలను తాకడం మీద ధ్యాసతో.

మరి దేన్ని పట్టుకోవాలి?

కొత్తవాళ్లకి పూలు. తప్పు అప్పటికప్పుడు తెలుస్తుంది కాబట్టి, జారడం ఎలా ఉంటుందో రెండు మూడు వారాల్లో గుర్తుపడతారు. ఆ గుర్తు దొరికాక అంట్లకి మారండి, అక్కడే ఉండిపోండి. పూలు దొరకని రోజుంటుంది, అంట్లు లేని రోజుండదు. ముగ్గు, అది ముందే చేతనైనవాళ్లకి; సాధన కోసం ముగ్గు నేర్చుకోవడం రెండు పనులు నెత్తిన పెట్టుకోవడమే. కళ్లు మూసుకుని కూర్చుంటే గుండెదడ, ఊపిరాడనట్టు అనిపించేవాళ్లకి ఈ మూడూ కూర్చునే ధ్యానం కన్నా నయం, కళ్లు తెరిచే ఉంటాయి, చేతికి పట్టు ఉంటుంది. అయితే ఆందోళనకి మందులు వాడుతున్నవాళ్లు వీటిని నమ్ముకుని మందులు ఆపకూడదు.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో డిష్‌వాషర్ ఉన్న ఇళ్లలో అంట్ల సాధన కుదరదనుకోనక్కర్లేదు. కుక్కర్ గ్యాస్కెట్, విజిల్, కాఫీ ఫిల్టర్ ఎలాగూ చేత్తోనే కడుక్కుంటారు. ఫిల్టర్ ఒక్కటి చాలు. పై గిన్నె అడుగును వెలుతురుకి పట్టి చూస్తే పొడి అడ్డుపడిన కన్నాలు నల్లగా కనబడతాయి. కింది వైపు నుంచి నీళ్లు పట్టి, వేలితో రుద్ది, మళ్లీ వెలుతురుకి పట్టి చూడండి. అన్ని కన్నాల్లోంచీ వెలుగు వచ్చేదాకా ఆ పూటకి సరిపోతుంది.